మూడు మిల్లీల ఎత్తు

1. ఆదివారం. పడమటి గాలి. నీళ్ళు చదును.

ఈ పుస్తకం పై అంచుకి కలాన్ని దారంతో కట్టారు. కడితే కట్టారు, జానెడు దారం కట్టారు. పేజీ పైన రాస్తున్నంతసేపూ ఫర్వాలేదు. సగం దిగేసరికి కట్టేసిన కుక్కలా వెనక్కి లాగుతోంది. ఏ పేజీలోనూ అడుగు నాలుగు గీతలు నాకు అందవు. పందేల కమిటీవారు చదివేటప్పుడు ప్రతి పేజీ కిందా ఖాళీ చూసి, ముసలాడికి రాయడానికి ఏమీ లేకపోయిందని అనుకోవద్దు. దారం లేకపోయింది.

నా పేరు ఓలేటి పేర్రాజు. వయసు డెబ్బై ఎనిమిది. చదువు ఐదో తరగతి, అదీ మా బడి కింది అంతస్తు సముద్రంలో మునిగేదాకా. తరవాత పై అంతస్తుకి రమ్మన్నారు గానీ, మెట్ల దగ్గర పీతలు బాగా పడుతున్నాయని నేను అక్కడే ఆగిపోయాను.

అయినా ఈ ఇంట్లో చేత్తో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా అందరూ సలహాపెట్టెతో, అంటే మాట్లాడే మిషనుతో, చెబుతారు, అది రాసుకుంటుంది. పోయినసారి పందేలకి బోట్ల పుస్తకాలు కూడా పెట్టెలే రాశాయి. పన్నెండు బోట్లు, పన్నెండు పుస్తకాలు, ఒక్క అక్షరం తేడా లేదు. అందులో ఒక బోటు రంగు ఆరక అసలు నీళ్ళలోకే దిగలేదు. దాని పుస్తకంలోనూ 'మలుపులో చక్కగా నడిచింది' అని ఉంది. అందుకని ఈసారి ఏ రోజు ఏం చేశారో మనిషే, చేత్తోనే, నిజం రాయాలని రూలు పెట్టారు. అలా ఈ వయసులో నేను పండితుణ్ణయ్యాను.

బోటు నడిపేది మా మనవరాలు నూకరత్నం. ఇరవై ఆరేళ్ళు. రొయ్యల షెడ్డులో ఉద్యోగం. అక్కడ మిషన్లు రొయ్యల తలలు తీస్తాయి, ఇది మిషన్లని చూస్తూ నిలబడుతుంది. ఐదేళ్ళుగా చూస్తోంది. ఇంటికొచ్చాక మా తలల వంక కూడా అలాగే చూస్తోంది.

దానికి కావలసింది మందుల బోటు. మా లంకల మధ్య తిరిగే బోట్లన్నీ తమంతట తామే తిరుగుతాయి. గాలివానకి పైనుంచి వచ్చే సిగ్నల్ పోయిందంటే మాత్రం రేవులో నిలబడి దిక్కులు చూస్తాయి. పెట్టెలు కూడా మూగబోతాయి. ఆ రోజుల్లో మందులు చేరవెయ్యడానికి, నొప్పులొచ్చిన ఆడవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మనిషి నడిపే బోటు ఒకటే ఒకటి ఉంచారు. ఐదేళ్ళకోసారి చిన్న మోటారు బోట్ల పందెం పెట్టి, గెలిచినవాళ్ళ చేతిలో ఆ బోటు తాళం పెడతారు. పోయినసారి నూకరత్నం రెండోది. మూరెడు దూరంలో పోయింది. వచ్చేసారికి ముప్పై దాటుతుంది, రానివ్వరు. కాబట్టి దానికి ఇదే ఆఖరు.

మా బోటు పేరు చందువ. పదకొండు అడుగులు. కూర్చోవడానికి బల్ల ఉండదు, మోకాళ్ళ మీద వంగి నడపాలి. వెనక పలకకి చిన్న మోటారు, దాని కింద నీళ్ళలో ఫ్యాను. సలహాపెట్టె కొబ్బరిచిప్పంత ఉంటుంది, ముందు భాగంలో బిగించి ఉంటుంది. మర్యాద ఎక్కువ. నేను దాన్ని పంతులు అంటాను.

"పేర్రాజు గారూ, మోటారు ఎత్తు పదిహేను మిల్లీమీటర్లు పెట్టండి," అంది ఇవాళ.

"ఎందుకూ?"

"సగటు మనిషికి అది బాగుంటుంది."

"మా పిల్ల సగటు కాదు పంతులూ. తిండి చూస్తే తెలుస్తది."

"తాతా!" అంది నూకరత్నం.

పదిహేనులో గంటకి డెబ్బై ఒక్క కిలోమీటర్లు వెళ్ళింది. చాలదు.

2. గురువారం. గాలి లేదు.

మూడు రోజులుగా మోటారుని ఒక్కో మిల్లీ ఎత్తుతున్నాం. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక నీళ్ళలో చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో దేవుడికి కూడా తెలియదు. మోటారు కిందికి ఉంటే నీళ్ళలో ఈడుస్తుంది. ఎత్తేకొద్దీ బోటు తేలిక పడుతుంది. మరీ ఎత్తితే ఫ్యాను నీళ్ళకి బదులు గాలి తాగుతుంది. అప్పుడు మోటారు కుక్కర్‌లా కూస్తుంది, బోటు పొట్ట మీద కూలబడుతుంది.

పదిహేడు పెడితే డెబ్బై మూడు. పద్దెనిమిది పెడితే డెబ్బై నాలుగు. పంతొమ్మిది పెడితే తిన్నగా వెళ్ళేటప్పుడు అదే డెబ్బై నాలుగు, కానీ వాటర్ ట్యాంకు దగ్గర మలుపులో కూసింది. ఆ ట్యాంకు మునిగిన ఊరిది. ఇప్పుడు నీళ్ళ మధ్య ట్యాంకు నిలబడింది, చిన్నప్పుడు ట్యాంకులో నీళ్ళు నిలబడేవి.

నూకరత్నం తిరిగొచ్చి, "పద్దెనిమిదే తాతా. పంతొమ్మిదిలో మోకాళ్ళ కింద జారినట్టుంది," అంది. పంతులు కొలతలు చూసుకుని కాసేపటికి అదే మాట అంది. పిల్లకి మోకాళ్ళు ముందు చెప్పాయి.

పద్దెనిమిది దగ్గర బిగించాను. ఇక గెలిచినట్టే అనుకున్నాం.

3. శుక్రవారం. గాలి లేదు.

డెబ్బై ఒకటి. ఏమీ మార్చలేదు. అదే ఎత్తు, అదే ఫ్యాను, అదే పిల్ల. మూడు ఎక్కడికి పోయాయో తెలియదు.

"కారణం తెలియరాలేదు. మరొకసారి ప్రయత్నించండి," అంది పంతులు.

నాలుగుసార్లు తిరిగింది. డెబ్బై ఒకటే. నూకరత్నం ఒడ్డుకొచ్చి హెల్మెట్ తీసి నా వంక చూసింది.

"తాతా, నువ్వేవన్నా చేశావా?"

"నేనేం చేత్తానే?"

"పోయినేడు నా హెల్మెట్లో ఎండ్రకాయని ఎవరెట్టారు?"

"అది దానంతటదే ఎక్కింది."

"బెల్టు పెట్టుకుని మరీ ఎక్కిందా?"

ఈ ఇంట్లో మంచి పేరు సంపాదించుకోవడం ఇక నా వల్ల కాదు.

4. మళ్ళీ శుక్రవారం. తూర్పు గాలి, కొంచెం.

శనివారం నుంచి నిన్నటిదాకా డెబ్బై నాలుగు. ఇవాళ మళ్ళీ డెబ్బై ఒకటి. పందెం ఇంకా తొమ్మిది రోజులు.

బోటుని ఒడ్డుకి లాగి బోర్లించాం. పంతులు మోటారుని, బ్యాటరీని, నీళ్ళలో ఉప్పుని, చంద్రుణ్ణి కూడా అనుమానించింది. నేను అడుగు మీద అరచెయ్యి పెట్టి రుద్దాను. పిల్లి నాలుకలా గరగరలాడింది. చెయ్యి తీసి చూసుకుంటే పచ్చగా ఉంది.

"మంగాయమ్మా!" అని కేకేశాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

"బోటు అడుక్కి ఏం రాశావే?"

"పసుపు. శుక్రోరం గదా."

"ఇన్నిసార్లు నీళ్ళలో తిరిగినా పోలేదేంటే?"

"ఆవుదం కలిపి రాశాను. ఉత్త పసుపైతే నిలవదు గదా," అంది, నాకు బుద్ధి లేనట్టు.

"అడుక్కెవరైనా పసుపు రాత్తారా?"

"గడపకి రాయవా? బోటుకి గడపేదో నువ్వే చెప్పు. ఇంట్లోకెల్తే గడప మీదుగా ఎల్తాం. నీళ్ళలోకెల్తే అడుగు మీదుగా గదా ఎల్లేది! పిల్ల పందేనికెల్తంటే గడప ఉత్తినే ఉంచమంటావా?"

నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆవిడ శుక్రవారం పొద్దున్నే రాయడం, శనివారం పొద్దున్నే తోమెయ్యడం. ఎండిన పసుపు నీళ్ళని పట్టుకుని ఆపుతోంది. మా మూడు కిలోమీటర్లు వారానికోసారి లక్ష్మీదేవి తీసుకుంటోంది.

చివరికి నేనే తీర్పు చెప్పాను. నూకరత్నం బోటెక్కేటప్పుడు కాలు వేసేది పక్క అంచు మీద, కాబట్టి గడప అదే. మంగాయమ్మ ఒప్పుకుంది. అంచుకి రెండింతలు రాసింది.

అడుగు తోమేశాం. డెబ్బై నాలుగు.

"పసుపు అనే గడి నా లెక్కల్లో లేదు. ఇప్పుడు చేర్చాను. ధన్యవాదాలు," అంది పంతులు. నూకరత్నం మొదటిసారి నవ్వింది.

5. శనివారం. తూర్పు గాలి.

ఆ నవ్వు ఒక్క పూట ఉంది.

పొద్దున్నే భద్రం వాళ్ళమ్మ సూరాయమ్మ పడవేసుకుని మా మెట్ల దగ్గరికొచ్చింది. భద్రం అంటే సంగాడి వాళ్ళబ్బాయి, పందెంలో నూకరత్నానికి గట్టి పోటీ. మంచివాడే. అదే బాధ, తిట్టడానికి వీల్లేదు. సూరాయమ్మ మా ఆవిడ మీద పడింది.

"ఏం మంగాయమ్మొదినా, మీ పెట్టె మా పెట్టెకి చెప్పిందంట, అడుక్కి పసుపు రాత్తే బోటు నడవదని! నా చేత్తో కడిగించారు! శుక్రోరం పూట!"

"నువ్వూ అడుక్కే రాశావా?" అంది మంగాయమ్మ.

"మరి గడపేది?"

విచారిస్తే పన్నెండు ఇళ్ళలోనూ రాశారు. పన్నెండు పెట్టెలూ శుక్రవారం సంగతి తేల్చుకోలేక చంద్రుణ్ణి అనుమానించాయట. నేను చెయ్యి పెట్టి కనిపెట్టింది, నిన్న సాయంత్రానికే మిగతా పదకొండు మందికీ పోయింది. ఎవరు ఏది మార్చినా ఆ క్షణమే అన్ని పెట్టెలకీ తెలియాలని కమిటీ రూలు. న్యాయం కోసమట. నూకరత్నం మెట్ల మీద కూలబడింది.

"పద్దెనిమిది కూడా అందరికీ ఎల్లిపోయింది తాతా. భద్రం నిన్న అదే చెప్పాడు, థాంక్సని. ఇంకేం కనిపెట్టినా అంతే. అందరిదీ ఒకటే బోటు. పోయినసారీ ఇలాగే, మూరెడులో పోయింది. ఈసారి జానెడులో పోద్ది."

"పెట్టెకి వినపడకుండా మాట్టాడుకుందాం."

"నోట్లోంచి వచ్చిందల్లా వింటది గదా."

"చేతుల్తో."

ఇక్కణ్ణుంచి మంగళవారం రాస్తున్నాను. రెండు రోజులు చేతులతో మాట్లాడుకున్నాం. ఎత్తు అంటే బొటనవేలు, ఫ్యాను అంటే చెయ్యి తిప్పడం. నేను చెయ్యి తిప్పితే నూకరత్నం ఫ్యాను మార్చింది. నేను తోలుకున్నది దోమని. దాన్ని మళ్ళీ బిగించేసరికి పూట గడిచిపోయింది. మూడో రోజున పంతులు ఫిర్యాదు చేసింది, బోటు దగ్గర మాటలు వినబడడం లేదు, ఆరోగ్యాలు బాగున్నాయా అని. కమిటీ తరఫున వైకుంఠరావు గారు స్వయంగా వచ్చారు. ఈ పుస్తకం తిరగేశారు. ఆయనకి చేతిరాత చదవడం రాదు, పేజీలు లెక్కపెట్టి ముద్ర వేశారు.

"పేర్రాజు గారూ, చేసే ప్రతి మార్పూ పెట్టెకి వినబడేలా పైకి చెప్పాలండి. లేకపోతే బోటుని తీసేస్తాం."

"చెబుతానండి. గట్టిగా చెబుతాను," అన్నాను.

6. ఆదివారం. పందెం. తూర్పు గాలి గట్టిగా. అలలు.

రెండు దఫాలు. రెండింటి మార్కులూ కలిపి లెక్క. మునిగిన సినిమాహాలు బాల్కనీలో జనం కూర్చుని చూశారు. కింద తెర ఉండే చోట ఇప్పుడు చేపలు తిరుగుతాయి, పైన సీట్లు మాత్రం బాగానే ఉన్నాయి.

మొదటి దఫా పన్నెండు బోట్లూ దండ గుచ్చినట్టు వెళ్ళాయి. ఒకటే ఎత్తు, ఒకటే వేగం. మొదట ఎవరు బయల్దేరితే చివరా వాళ్ళే. భద్రం మొదటివాడు, నూకరత్నం మూడోది. మార్కుల లెక్క వైకుంఠరావు గారు చెప్పారు. రెండో దఫా నూకరత్నం గెలవాలి, భద్రం ఐదో స్థానం కూడా దాటి వెనకపడాలి. లేకపోతే తాళం భద్రానిది.

"భద్రం ఎనకబడ్డవేంటి తాతా," అంది నూకరత్నం. హెల్మెట్ కూడా తీయలేదు. "అవే లెక్కలు. షెడ్డులో మిషన్లయినా అప్పుడప్పుడూ ఆగుతాయి."

అరగంట విరామం. నేను పానా తీసుకుని చందువ వెనక్కి వెళ్ళి వంగాను. బోల్టు దగ్గర మూడు దెబ్బలు వినబడ్డాయి. నడుం పట్టుకుని లేచి, వైకుంఠరావు గారు చెప్పినట్టే గట్టిగా చెప్పాను.

"మోటారు మూడు మిల్లీలు పైకి. ఇరవై ఒకటి."

"నమోదు చేశాను. అందరికీ తెలియజేశాను," అంది పంతులు.

నిమిషంలో రేవంతా పానాల చప్పుడు. పసుపు సంగతి తరవాత నా మాటకి విలువ పెరిగింది. పేర్రాజు ఎత్తాడంటే అందులో ఏదో ఉంటుందని పది బోట్ల వాళ్ళూ ఎత్తారు. తూర్పులంక వాళ్ళు మాత్రం ఎత్తలేదు. వాళ్ళు అప్పుడు ఇడ్లీల వరుసలో ఉన్నారు.

దఫాకి ముందు ఒక చుట్టు ఉత్తినే తిరగనిస్తారు. వాటర్ ట్యాంకు మలుపులో పది ఫ్యాన్లు కూశాయి. బాల్కనీలో పిల్లలు చెవులు మూసుకున్నారు. భద్రం మా పక్కనుంచే వెళ్తూ తన పెట్టెని అడుగుతుంటే విన్నాను.

"కూత్తంది గదా. దించమంటావా?"

"పేర్రాజు గారి బోటు కూయడం లేదు. కాబట్టి ఎత్తు సరైనదే. మీరు అలవాటు పడండి," అంది అతని పెట్టె.

నూకరత్నం చుట్టు తిరిగొచ్చి నా ముందు బోటు ఆపింది.

"తాతా, నిజంగా ఎత్తావా?"

"ఎత్తాను."

"నా మోకాళ్ళకేం తెలియట్లేదే."

"మోకాళ్ళు ముసలయిపోయాయే నీకు. ఎల్లు."

అది నా మొహం చూసింది. పంతులు వంక చూసింది. తరవాత కూస్తున్న పది బోట్ల వంక చూసింది. హెల్మెట్ అద్దం కిందికి దించుకుని వెళ్ళింది.

జెండా పడగానే భద్రమే ముందు. మలుపు దాకా అతనే. అక్కడ అతని ఫ్యాను గాలి తాగింది, బోటు పొట్ట మీద కూలబడింది. వెనకవాళ్ళూ ఒకరి తరవాత ఒకరు కూలబడ్డారు. నూకరత్నం ఆ బోట్ల మధ్యనుంచి, లేచే అలకి నడుం వంచుతూ, ట్యాంకుని చేత్తో ముట్టుకునేంత దగ్గరగా తిరిగింది. మళ్ళీ ఎవరికీ అందలేదు. తూర్పులంక బోటు రెండోది వచ్చింది. నడిపిన పిల్లాడి చేతికి ఇంకా చట్నీ ఉంది. భద్రం తొమ్మిదో వాడు.

మంగాయమ్మ బాల్కనీలోంచి, "గడప! గడప!" అని అరిచింది. పసుపు రాసిన అంచు వల్లే గెలిచిందని ఇవాళ పది మందికి చెప్పింది. నేను కాదనలేదు.

7. అదే ఆదివారం, సాయంత్రం.

ఈ పుస్తకం పొద్దు కుంకేలోగా కమిటీకి ఇవ్వాలి. ఇది అందాకే తాళం ఇస్తారు. ఆఖరి పేజీలో 'ఇందులో రాసినదంతా నిజం' అని సంతకం చెయ్యాలి.

ఇందాక భద్రం వచ్చి నా కాళ్ళకి దండం పెట్టాడు. "తాతగారూ, ఇరవై ఒకటిలో మీ బోటు ఎలా పట్టిందండి? మాదైతే నీళ్ళలో నిలవనే లేదండి," అన్నాడు. "వయసు బాబూ," అన్నాను. అర్థం చేసుకున్నట్టు తలూపి వెళ్ళాడు. మంచివాడని ముందే రాశాను.

వైకుంఠరావు గారు మోటారు ఎత్తు కొలిపించారు. స్కేలు పద్దెనిమిది చూపించింది. పంతులు లెక్కల్లో ఇరవై ఒకటి. రెండోసారి కొలిచినా పద్దెనిమిదే. పన్నెండు పెట్టెలూ ఒకదాన్నొకటి సంప్రదించుకుని, స్కేలు చెడిపోయిందని తేల్చాయి. కొత్త స్కేలు తెప్పిస్తున్నారు. వచ్చే పందేలకి అందరూ ఇరవై ఒకటితో మొదలుపెట్టాలని సలహా కూడా తయారైందట.

నూకరత్నం మూడుసార్లు అడిగింది, చెప్పమని. మూడుసార్లూ ఎత్తానన్నాను. నాలుగోసారి అడగలేదు. "పుస్తకంలో మాత్రం సరిగ్గా రాయి తాతా. తాళం పోయినా సరే," అని చేతిలో ఉన్న హెల్మెట్ పక్కన పెట్టి కూర్చుంది. ఇంకా అక్కడే కూర్చుని ఉంది, నేను రాస్తుంటే చూస్తోంది. చదవడం రాదు గాని, కలం ఆగితే మాత్రం కనిపెడుతోంది.

కాబట్టి వైకుంఠరావు గారూ, ఇది ఎవరైనా చదవడం వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి. అబద్ధం రాయకూడదని రూలుంది, రాయలేదు. బోల్టు దగ్గర దెబ్బలు వినబడ్డాయని రాశాను, వినబడ్డాయి. పైకి చెప్పేది కూడా నిజమే అయి ఉండాలని మీరు అనలేదు, వినబడాలన్నారు. నేను చేసింది తప్పంటే బోటు పనుల్లోంచి నన్ను తీసెయ్యండి. పిల్ల మాత్రం మీరు అందరికీ ఇచ్చిన ఎత్తులోనే గెలిచింది. ఫ్యాను కూస్తుంటే మిగతావాళ్ళు పెట్టెని అడిగారు. ఇది తన మోకాళ్ళని అడిగింది. పెట్టెలు మూగబోయిన రోజున నడపడానికి మీకు ఎవరు కావాలో మీరే చూసుకోండి.

స్కేలు మార్చక్కర్లేదు. నేను బోల్టుని పానాతో మూడుసార్లు కొట్టాను, మూలిగాను, నడుం పట్టుకుని లేచాను. తిప్పలేదు.